పథ్యము చేసేవారికి పంక్తిలో చోటు

కార్తిక మాసము సమీపించగానే నా వద్దకు వచ్చే రోగులు, ముఖ్యముగా మధుమేహము, అమ్లపిత్తము కలవారు, తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది. "వనభోజనానికి రమ్మంటున్నారు, వెళ్ళవచ్చునా?" అని. ఇటీవల ఆ ప్రశ్న కార్తికమునకే పరిమితమై లేదు. శని, ఆదివారములు కలిసి వస్తే చాలు, మధ్యతరగతివారు కూడ మిత్రులతో కలిసి అరకుకో, దిండికో, సూర్యలంకకో బయలుదేరుతున్నారు. అక్కడి భోజనముల సంగతి ఏమిటని నన్ను అడుగుతారు. చాలా ఏండ్లు నేను చెప్పిన సమాధానము ఒక్కటే: "వెళ్ళండి. కాని మీ ఆహారము మీరు పట్టుకొని వెళ్ళండి." ఇట్లు చెప్పడము వైద్యునికి ఎంతో సులభము. బాధ్యత తీరిపోతుంది. ఇప్పుడు నేను ఆ మాట చెప్పడము మానుకొన్నాను. ఎందుకు మానుకొన్నానో వ్రాయవలెనని చాలాకాలముగా అనుకొంటున్నాను. అందులో నా పొరపాటు కూడ ఉన్నది కనుక కొంత సంకోచించాను.

2023వ సంవత్సరము కార్తిక శుద్ధపక్షములో, నవంబరు 18, 19 తేదీలలో, మేము నలుగురము మిత్రులము కోనసీమలో కలిసి గడిపాము. నలభై ఏండ్ల క్రిందట ఏలూరులో ఒకే లోగిలిలో వాటాలకు ఉన్నవారము. ఒకరు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు. ఒకరు రైల్వేలో గార్డుగా పనిచేసినవారు. ఇంకొకరు అప్పట్లో ఏలూరులో చిన్న ఉద్యోగము చేస్తూ, తండ్రి కాలము చేసిన తరువాత కొబ్బరితోట చూసుకొనడానికి సఖినేటిపల్లి ప్రాంతమునకు వెళ్ళిపోయినవారు. ఆయన ఇంటికే మా ప్రయాణము. నరసాపురము రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరిని దాటి ఆవలి గట్టున దిగేసరికి శనివారము ఉదయము పదకొండు గంటలయినది. గోదావరి గాలి తగిలేసరికి ముగ్గురికీ ఆకలి వేసింది. దేశము మారితే అగ్ని మారుతుందనడానికి వేరే ప్రమాణము అక్కరలేదు.

ఆ మధ్యాహ్నపు భోజనము ఇంకా నా నాలుక మీద ఉన్నది. లేత అరిటాకులు. ఆవ పెట్టిన కంద బచ్చలి కూర, పెసరపప్పు వేసిన అరటిదూట కూర, కొబ్బరి పచ్చడి, గుమ్మడికాయ ముక్కల పులుసు, ఇంటి నేయి, చిలికిన మజ్జిగ. కార్తికము కనుక ఉల్లి, వెల్లుల్లి లేవు. పనసపొట్టుకు అది కాలము కాదు. కంద బచ్చలిని గురించి ఒక్క మాట చెప్పకుండ ముందుకు పోలేను. కంద రూక్షము, ఉష్ణము. గొంతు దురద పెడుతుంది. బచ్చలి శీతము, జిగట. రెండిటినీ కలిపి, చింతపండు పులుసులో ఉడికించి దురద విరిచి, చివర ఆవముద్దతో తీక్ష్ణత్వము చేర్చి జిగటను జీర్ణమునకు అనుకూలముగా మార్చడము ఎంత ఆలోచనతో కూడిన పనియో చూడండి. చరకాచార్యులు ఆహారమునకు చెప్పిన ఎనిమిది విచారణీయాంశములలో సంయోగము, కరణము అనేవి రెండు ఉన్నవి. పదార్థములను కలుపుట, సంస్కరించుట అని వాటి అర్థము. విమానస్థానము పేరైనా వినని స్త్రీలు ఆ రెండిటినీ తరతరములుగా గరిటెతో పాటించుచున్నారు.

మా రైల్వే మిత్రులు కంద బచ్చలి మూడుసార్లు మారు వడ్డించుకొన్నారు. కడుపులో ఒక భాగము ఘనాహారమునకు, ఒక భాగము ద్రవమునకు, ఒక భాగము దోషముల సంచారమునకు విడవవలెనని చరకము; సగము అన్నమునకు, పావు ద్రవమునకు, పావు వాయువునకు అని వాగ్భటము. ఎవరి లెక్క ప్రకారము చూచినా ఆయన హద్దు దాటినారని చెప్పాను. "నా పొట్ట జనరల్ బోగీ లాంటిదండీ ఆచార్లుగారూ, ఎంతమంది ఎక్కినా సర్దుకుంటారు" అన్నారాయన. నేను నవ్వాను, వెంటనే పొలమారింది. భోజనసమయములో మాటలాడరాదు, నవ్వరాదు అని శాస్త్రము ఎందుకు చెప్పినదో రోగులకు బోధించే నాకే అనుభవమునకు వచ్చింది.

ఈ సందడిలో మాస్టారు మా పంక్తిలో లేరు.

ఆయనకు పన్నెండు సంవత్సరములుగా మధుమేహము ఉన్నది. అల్లోపతి వైద్యులు వ్రాసిన మాత్ర ఉదయము పూట వేసుకొంటారు. ఆహార విషయములో నా మాట వింటారు. అంతకు మూడు సంవత్సరముల ముందు నేనే ఒక పట్టిక వ్రాసి ఇచ్చాను. యవలు, జొన్నలు, పెసలు, కాకర, మెంతికూర, పలుచని మజ్జిగ తీసుకొనవలెను; కొత్తబియ్యము, దుంపలు, బెల్లము, పెరుగు, మిఠాయి విడువవలెను. శాస్త్రరీత్యా ఆ పట్టికలో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. ప్రమేహములో యవలకు మన గ్రంథములు ఎంతో ప్రాధాన్యము ఇచ్చినవి. అయితే పట్టిక వ్రాసిన మరుసటి సంవత్సరము ఆయన భార్య గతించింది. ఒక్కగానొక్క కుమారుడు అమెరికాలో ఉంటున్నాడు. మాస్టారు ఆ పట్టికను పట్టుకొని, తానే వండుకొని, ఒంటరిగా తింటూ వచ్చారు. మనిషి సన్నబడినారు. నాలుకకు రుచి తెలియడము లేదని రెండుసార్లు చెప్పారు. నేను అరోచకమునకు ఔషధము ఇచ్చాను.

ఆ శనివారము ఆయన ఏలూరు నుండి స్టీలు కారియరులో జొన్నరొట్టె, కాకరకాయ వేపుడు తెచ్చుకొన్నారు. సరిగా పన్నెండున్నరకు వసారా చివర స్తంభము పక్కన కూర్చుండి, గోడవైపు తిరిగి తిని, కారియరు కడిగి పెట్టుకొన్నారు. మేము తినడము మొదలుపెట్టేసరికి ఒంటిగంట దాటింది.

సాయంత్రము గట్టు మీద నడుస్తూ ఎందుకు విడిగా కూర్చున్నారని అడిగాను. ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత ఇట్లన్నారు: "ఆకు ముందు కూర్చుంటే పదిసార్లు వద్దు వద్దు అనాలండీ. అన్నప్పుడల్లా వడ్డించేవారు ఎందుకని అడుగుతారు. నేను చెప్పాలి. అప్పుడు అందరూ తినడం ఆపి నా జబ్బు గురించి మాట్లాడతారు. ఒకాయన ఏమీ కాదు తినండి అంటాడు, ఇంకొకాయన వాళ్ళ బావమరిదికి కాలు తీసేశారని చెబుతాడు. దానికంటే ఈ స్తంభం నయం."

ఈ మాట నన్ను చాలాసేపు వదలలేదు. మా గురువుగారి ఇంట నేను పదకొండు సంవత్సరములు ఉండి చదువుకొన్నాను. వచ్చిన ప్రతి రోగిని ఆయన మూడు ప్రశ్నలు అడిగేవారు. ఏమి తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు, ఎవరితో తింటున్నావు అని. మొదటి రెండు ప్రశ్నలు వైద్యమునకు సంబంధించినవనీ, మూడవది పెద్దవారి పలకరింపు అనీ నేను అనుకొనేవాడిని. నా వైద్యములో మొదటి ప్రశ్న నిలిచింది, రెండవది సగము నిలిచింది, మూడవది ఎప్పుడో జారిపోయింది. ఎవరితో తింటున్నారని మాస్టారిని నేను ఎన్నడూ అడుగలేదు. సమాధానము నాకు తెలిసి కూడ అడుగలేదు.

శాస్త్రము ఈ విషయములో మౌనముగా లేదు. హితమైన ఆహారమును మితముగా తిన్నప్పటికీ చింత, శోకము, భయము, క్రోధము ఉన్నవారికీ, సుఖనిద్ర లేనివారికీ అది జీర్ణము కాదని చరక విమానస్థానము స్పష్టముగా చెప్పుచున్నది. అష్టాంగహృదయములో భోజనవిధి చెప్పే చోట ఏకాంతమైన స్థలములో తినవలెననీ, ఇష్టులతో కలిసి తినవలెననీ రెండు మాటలు ఉన్నవి. చిన్నప్పుడు ఇది నాకు విరుద్ధముగా తోచి గురువుగారిని అడిగాను. జనము లేకపోవడము ఏకాంతము కాదు, మనస్సును చెదరగొట్టేది లేకపోవడము ఏకాంతము అని ఆయన వివరించారు. ఇష్టులు మనస్సును చెదరగొట్టరు కనుక వారితో ఉన్నా అది ఏకాంతమే. ఈ లెక్కన మాస్టారు స్తంభము పక్కన పొందినది ఏకాంతము కాదు, వెలి. నా పట్టిక ఆయనను పంక్తి నుండి లేపివేసింది.

ఆ రాత్రి జరిగినది చాలా చిన్న విషయము. మా రైతు మిత్రుల భార్యను మేము చెల్లెమ్మా అని పిలుస్తాము. ఆమె వంటింటి గుమ్మములో నన్ను ఆపి, "అన్నయ్యగారూ, మాస్టారుగారు ఏం తినవచ్చో చెప్పండి. నేను వారికని విడిగా చెయ్యను. అందరికీ అదే చేసేస్తాను" అన్నది. శనివారము రాత్రి వారింట ఎలాగూ అన్నము తినరు, ఫలహారమే. పెసలు చెప్పాను. ఆమె అప్పటికే నానపోసి ఉంచినది! అల్లము, పచ్చిమిరప, జీలకర్ర వేసి రుబ్బిన పిండితో పెసరట్లు పోసింది. వసారాలో నలుగురము వరుసగా కూర్చున్నాము. పెనము మీది నుండి దిగిన అట్టు దిగినట్లే, ఒకరి తరువాత ఒకరికి వచ్చేది. ఎవరి వంతు వచ్చేవరకు వారు ఎదురుచూడవలసినదే. ముందు కొబ్బరిచెట్ల మీద షష్ఠినాటి వెన్నెల పరచుకొని ఉన్నది. పగటి ఎండకు కాగి రాత్రి వెన్నెలకు చల్లారిన శరత్కాలపు నిర్మలజలమును మనవారు హంసోదకమన్నారు. వారి బావినీరు ఆ రాత్రి అట్లే ఉన్నది. మాస్టారు ఎవరికీ ఏమీ చెప్పవలసిన అవసరము రాలేదు. ఎవరూ ఆయనను ఏమీ అడుగలేదు. రెండు అట్లు తిని, "ఇంకొక సగం వేస్తారా అమ్మా" అన్నారు. ఆయన మారు అడగడము నేను విని ఎన్ని ఏండ్లయినదో! మరునాడు ఉదయము పరగడుపున మీటరుతో చూచుకొంటే ఎప్పుడూ ఉండే అంకెయే ఉన్నది.

నా ఉత్సాహము అక్కడ హద్దు మీరింది. ఆదివారము వనభోజనమునకు కారియరు తీసుకొని రావద్దని మాస్టారికి చెప్పాను. అక్కడి వంటలో మీకు తగినవి నేనే ఏరి మీ ఆకులో వేయిస్తాను అని మాట ఇచ్చాను.

తోటలో పెద్ద ఉసిరిచెట్టు ఉన్నది. బంధువులు, ఇరుగుపొరుగువారు కలిసి ముప్పై మందికి పైగా వచ్చారు. గాడిపొయ్యి త్రవ్వి అండాలు ఎక్కించారు. (ఆదివారము ఉసిరి తినరాదనే ఆచారము ఉన్నది కనుక ఆ రోజు ఉసిరిపచ్చడి వడ్డించలేదు, చెట్టు నీడ మాత్రమే మాకు దక్కింది. ఉప్పు తప్ప అయిదు రసములు కలిగిన ధాత్రిని ఎదురుగా పెట్టుకొని తినకుండ లేవడము వైద్యునికి చిన్న పరీక్ష.) ఆనాడే అహమ్మదాబాదులో ప్రపంచకప్ క్రికెట్ ఫైనలు. ఆట రెండు గంటలకు మొదలు. అందువలన కుర్రవారందరూ పన్నెండున్నరకే బంతి వేయమన్నారు. వారికి నాయకుడు మా రైల్వే మిత్రుడే. నేను మందలించాను. పూజ కాకుండ, నైవేద్యము పెట్టకుండ వనభోజనమేమిటని అన్నాను. పెద్దవాడినని అందరూ ఊరుకొన్నారు. పురోహితులుగారు మరొక తోటలో పూజ ముగించుకొని వచ్చేసరికి ఒంటిగంట అయినది.

పూజ జరుగుచుండగా, ఒకటిన్నర ప్రాంతములో, మాస్టారు చెట్టుకు ఆనుకొని కూర్చుండి ఉన్నారు. నుదుటి మీద చెమట పట్టింది. చేతులు వణుకుతున్నవి. ఏమండీ అంటే మసకగా చూచి పొంతన లేని సమాధానము చెప్పారు. నేను నాడి పట్టుకొన్నాను. వేగముగా ఉన్నది. ఎండకు పిత్తము ప్రకోపించినదని తోచి, విసనకర్ర, చల్లని నీరు తెమ్మన్నాను. ఇంతలో రైల్వే మిత్రులు వచ్చి ఒక్క చూపు చూచి, "ఆచార్లుగారూ, నాడి తరువాత చూడండి. షుగరు పడిపోయింది" అని, పంచదార తెమ్మని కేక వేశారు. ఆయన భార్యకు ఇరువది ఏండ్లుగా మధుమేహము. ఇట్టి స్థితిని ఆయన ఇంటిలో చూచి ఉన్నారు. పంచదార డబ్బా పట్టుకొన్న ఒక ఇల్లాలు సందేహించింది. "షుగరు ఉన్నాయనకి పంచదార పెడతారేమిటండీ?" అన్నది. ఇంకొకరు కొబ్బరిబొండము కొట్టిస్తామన్నారు. ఆయన ఎవరి మాటా వినక, అరగ్లాసు నీటిలో మూడు చెంచాల పంచదార కలిపి, పట్టుకొని త్రాగించారు. మాస్టారి సంచిలోని మీటరుతో చూస్తే 54 ఉన్నది. పావుగంట తరువాత 81. మాట తేటపడింది.

పూజ ఇంకా ముగియలేదు. పురోహితులుగారు మంత్రము ఆపి, "ముందు వారికి పెట్టండి, స్వామి ఏమీ అనుకోడు. ఆలస్యం నాదే" అన్నారు. ఆలస్యము ఆయనది కాదు. ఆయన రాక ఆలస్యమగునని తెలిసి కూడ పంక్తిని ఆపినది నేను. రోగులకు, గర్భిణులకు, పసివారికి అతిథికంటె ముందుగానే భోజనము పెట్టవచ్చునని మన ధర్మశాస్త్రములే చెప్పినవి. ఆచారము పేర నేను ఆపినది ఆచారమునకే విరుద్ధము. క్రికెట్ ఆట కోసము తొందరపడిన కుర్రవారి మాట విని ఉంటే ఆ మనిషి పన్నెండున్నరకు నాలుగు ముద్దలు తిని ఉండేవారు.

జరిగినది పాఠకులకు విడమరచి చెప్పడము నా విధి. మాస్టారు ఏడున్నరకు రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకొన్నారు. మధుమేహమునకు ఇచ్చే మాత్రలలో కొన్ని రకములు, మనము తిన్నా తినకపోయినా, క్లోమము చేత ఇన్సులిన్ విడుదల చేయించును. ఇన్సులిన్ సూదిమందు తీసుకొనేవారి సంగతి కూడ అంతే. సమయమునకు ఆహారము పడకపోతే రక్తములోని చక్కెర మరీ తగ్గిపోవును. చెమట, వణుకు, గుండెదడ, అకస్మాత్తుగా ఆకలి, చికాకు, మాట తడబాటు దాని గుర్తులు. అప్పుడు రోగికి కావలసినది పంచదారయే. మూడు చెంచాలు నీటిలో కలిపి త్రాగించవలెను. పావుగంటకు మళ్ళీ పరీక్షించి 70 కంటె తక్కువ ఉంటే మరల ఇవ్వవలెను. తేరుకొన్న వెంటనే భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏదీ పోయరాదు. తక్షణము ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. అన్ని మాత్రలూ ఇట్లు చేయవు. తమ మాత్ర ఏ రకమో ప్రయాణమునకు ముందే వైద్యుని అడిగి తెలుసుకొనుట మంచిది. ఇది చదివి ఎవరైనా భయపడి మాత్రలు తామంతట తాము మానివేస్తే అది ఇంకొక ప్రమాదము. ఇందులో ఆయుర్వేదము, అల్లోపతి అని పంతములకు చోటు లేదు. ఆ రోజు తాటాకు విసనకర్రతో నేను ఇంకొక పావుగంట విసరుతూ కూర్చుంటే ఏమి జరిగి ఉండేదో తలచుకొంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

మా గురువుగారి ఇంట ఒక పద్ధతి ఉండేది. దానిని నేను కళ్ళారా చూచాను, ఆ పంక్తిలో కూర్చుండి తిన్నాను కూడ. మా విద్యార్థులలో ఎవరైనా జ్వరముపడి లేస్తే, అతడు కోలుకొనేవరకు పంక్తి అందరికీ గంట ముందుగానే వేసేవారు. అతనిని విడిగా ముందు కూర్చుండబెట్టేవారు కాదు. అతని ఆకలివేళకు అందరమూ కూర్చునేవారము. అతనికి పలుచని పెసరకట్టు, మెత్తని అన్నము ఉండేవి. ఆ పూట మాకూ పెసరకట్టు వడ్డించేవారు. వంటవానికి రెండు వంటల శ్రమ తగ్గించడానికే ఇట్లు చేసేవారని మేము అనుకొనేవారము.

ఇప్పుడు వనభోజనములకు గాని, వారాంతపు విహారములకు గాని వెళ్ళేవారికి నేను చెప్పేది వేరు. మీ గుంపులో పథ్యము చేసేవారు ఒక్కరున్నా వారి వేళ ఏదో ముందు కనుక్కొనండి. మీ అందరి వేళ అదే కావలెను. పూజ గాని, పడవ గాని, ఫొటోలు గాని దాని చుట్టూ సర్దుకొనవలసినదే. వారికని ఒక వంట వండవద్దు. అందరికీ వండే వంటలోనే వారు తినదగినవి రెండు ఉండేటట్లు చూడండి. తెలుగు వంటలో ఇది కష్టము కాదు. పెసరపప్పు, ఆకుకూర, దొండ, బీర, పొట్ల, మజ్జిగ పులుసు లేని ఇల్లు ఉన్నదా? అన్నము విషయములో వారికి ఎంత వడ్డించవలెనో ముందే తెలుసుకొని అంతే వడ్డించండి. ఆ తరువాత ఆ ఆకు వైపు చూడవద్దు. అన్నిటికంటె ముఖ్యము, కొసరి కొసరి వడ్డించే మన మర్యాదను వారి విషయములో కట్టిపెట్టండి. "ఈ ఒక్కరోజుకు ఏమీ కాదు" అనే మాటకు నా వైద్యశాలలో ఎందరు బలియైనారో నాకు తెలుసు. అట్లే భోజనము దగ్గర జబ్బుల ప్రసంగము తేవద్దు. ఎవరి బావమరిది కాలు సంగతియైనా చేతులు కడిగిన తరువాత చెప్పుకొనవచ్చును.

విహారస్థలములలోని పెద్ద హోటళ్ళలో నలువది రకములు బారులు తీర్చి, ఎవరికి కావలసినవి వారు పళ్ళెములో వేసుకొని తెచ్చుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. రోగికి అది స్వేచ్ఛ అని కొందరు వాదిస్తారు. ఏరుకొనే వీలు ఉన్న మాట నిజమే. కాని అక్కడ ఎవరూ ఒకే వేళకు కూర్చుండరు, ఒకే వేళకు లేవరు. ఒక్కొక్కరు ఒక్కొక్క వంటకమునకు లేచి తిరుగుచుందురు. దానిని కలిసి తినడము అనడానికి నాకు నోరు రాదు.

వైద్యులకు కూడ ఒక మాట. నాతోటి వైద్యులు కోపగించుకొన్నా సరే. ఇది తినవద్దు, అది తినవద్దు అని మనము వ్రాసి ఇచ్చే పట్టికలో ఆ మనిషి ఎవరి పక్కన కూర్చుండి తినవలెనో వ్రాయడానికి ఒక వరుస లేదు. మాస్టారి పట్టికను నేను తిరిగి వ్రాశాను. పదార్థములలో పెద్దగా మార్పులేదు. కంద కొద్దిగా, వారమునకు ఒకసారి, బచ్చలితో కలిపి తినవచ్చునన్నాను. పాతబియ్యపు అన్నము ఒక చిన్న గిన్నెడు పెట్టాను. శనివారము రాత్రి భోజనము మా ఇంట అని వ్రాశాను. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో తరువాత వింతలు ఏవీ కనబడలేదు, పెరగనూ లేదు. బరువు మాత్రము మూడు కిలోలు పెరిగినారు. ఆయన సన్నబడిన తీరుకు అది కావలసినదే. నాలుకకు రుచి తెలియడము లేదనే మాట మళ్ళీ నా వద్ద అనలేదు. అరోచకపు ఔషధము నేను మాన్పించి ఏడాది దాటినది.

రైల్వే మిత్రుల సంగతి చెప్పలేదు కదా. ఆ ఆదివారము మాస్టారు తేరుకొన్న సంతోషములో ఆయన గారెలు ఎన్ని తిన్నారో లెక్క పెట్టడము నా వల్ల కాలేదు. రాత్రి మన జట్టు ఓడిపోయినదని ఆయన దిగాలుగా ఉన్నారని అందరూ అనుకొన్నారు. అది అజీర్ణము. శొంఠి వేసి మరిగించిన నీరు ఇచ్చి, మరునాడు మధ్యాహ్నము వరకు లంఘనము చేయించాను. ఈసారి నా నిదానము తప్పలేదు.

2024 కార్తికములో మరల పిలుపు వచ్చింది. మా రైతు మిత్రులు ఫోను చేసి ముందు వేళ చెప్పారు. "పన్నెండున్నరకి బంతండి. పురోహితులుగారికి చెప్పేశాను, పదింటికే వచ్చేస్తానన్నారు. ఆయన రాకపోయినా బంతి ఆగదండి, ఆయ్." మాస్టారు జేబులో పంచదార పొట్లము పెట్టుకొని పంటు ఎక్కారు. కారియరు తేలేదు.